గాయపడ్డవాడికి తెర మీద చోటెంత?

(విజయవాడలో ఒక ఫిల్మ్ సొసైటీ ఏర్పాటు చేసిన సభలో, చిత్ర ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయిన సభ్యుల కోసం రికార్డింగు విని అక్షరరూపంలో పెట్టాం.)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. ఈ సాయంత్రం మాట్లాడమని నిర్వాహకులు నాకు ఇచ్చిన విషయం యుద్ధ చిత్రాల్లో పోరాటం, దానికి మనుషులు చెల్లించే మూల్యం. విషయం పెద్దది, సినిమాలు లెక్కలేనన్ని. అందుకని అన్నిటి గురించీ మాట్లాడే ప్రయత్నం చేయను. ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని, ఆ ప్రశ్నను కొన్ని సినిమాలకు వేసి చూస్తాను.

యుద్ధ చిత్రం చూసి హాలు బయటికి వచ్చాక "చాలా రియలిస్టిక్‌గా తీశారండీ" అంటాం. ఆ మాట అన్నప్పుడు మనం మెచ్చుకుంటున్నది దేన్ని? తుపాకులు ఆ కాలం నాటివే వాడారని మెచ్చుకుంటాం. బాంబు పేలితే కూర్చున్న సీటు అదిరిందని మెచ్చుకుంటాం. రక్తం దాచకుండా చూపించారని మెచ్చుకుంటాం. ఇవన్నీ ఎంతో శ్రమ పడితే తప్ప కుదరని పనులు, ఆ శ్రమను నేను తక్కువ చేయను. అయితే ఇవన్నీ సరిగ్గా ఉన్న సినిమా కూడా యుద్ధం గురించి చాలా పెద్ద అబద్ధం చెప్పగలదు. ఆ అబద్ధం ఏమిటో చెప్పే ముందు రెండు లెక్కలు మీ ముందు పెడతాను, దయచేసి గుర్తుంచుకోండి.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 జూలై 1న, ఫ్రాన్సులోని సోమ్ నది ప్రాంతంలో బ్రిటిష్ సైన్యం దాడి మొదలుపెట్టింది. ఆ ఒక్క రోజులో ఆ సైన్యానికి కలిగిన నష్టం 57,470 మంది. అందులో చనిపోయినవారు 19,240 మంది, గాయపడినవారు 35,493 మంది. ఇక రెండో లెక్క మన దేశానిది. 1999 కార్గిల్ యుద్ధంలో, ప్రభుత్వం చెప్పిన ప్రకారం, మన సైనికులు 527 మంది అమరులయ్యారు, 1,363 మంది గాయపడ్డారు. ఆ రెండు యుద్ధాల మధ్య 80 ఏళ్లకు పైగా ఎడం ఉంది. ఆయుధాలు మారాయి, వైద్యం మారింది, నేల మారింది. అయినా చనిపోయిన ప్రతి ఒక్కరికి ఇంచుమించు ఇద్దరో, అంతకంటే కొంచెం ఎక్కువో గాయపడినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఇప్పుడు మీరు చూసిన ఏదైనా యుద్ధ చిత్రాన్ని గుర్తు తెచ్చుకోండి. ఏ భాషదైనా సరే. తుపాకి మోగగానే ఎంతమంది పడిపోయారు? పడిన వారిలో ఎంతమంది గాయపడి, బతికి, అరుస్తూ అక్కడే ఉండిపోయారు? ఒక్కడు కూడా గుర్తుకు రాకపోతే ఆశ్చర్యపోకండి. తెర మీద మనిషి పడితే చనిపోయినట్టే. పడిన క్షణంలోనే కథలోంచి, ఫ్రేములోంచి వెళ్లిపోతాడు. గాయం తగిలే హక్కు ఒక్క హీరోకే ఉంటుంది, అది కూడా భుజానికి. భుజానికే ఎందుకు తగులుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? అక్కడ తగిలితే ప్రమాదం లేదని సినిమా మనకు నేర్పింది. కానీ చేతికి రక్తం తీసుకుపోయే పెద్ద నాళం, చేతిని కదిలించే నరాల కట్ట ఆ భుజం దగ్గరే, చంకలోంచే వెళతాయి. అక్కడ తూటా దూరితే రక్తం పోయి చనిపోవచ్చు, బతికినా ఆ చెయ్యి జీవితాంతం పనిచేయకపోవచ్చు. మన హీరో మాత్రం పాట అయ్యేసరికి కట్టు విప్పి, అదే చేత్తో మెషిన్ గన్ ఎత్తుతాడు.

కాబట్టి నేను చెప్పదలచుకున్న మాట ఇది. యుద్ధ చిత్రాల్లో అన్నిటికన్నా పెద్ద అబద్ధం గాయపడ్డవాడు లేకపోవడం. ఒక యుద్ధ చిత్రం ఎంత నిజాయితీగా ఉందో తెలుసుకోవడానికి నా దగ్గర ఒకే కొలత ఉంది: తూటా తగిలిన తర్వాత ఆ మనిషి దగ్గర కెమెరా ఎంతసేపు ఆగింది? రక్తం ఎంత పోసిందని నేను అడగను, ఎంతసేపు ఆగిందని అడుగుతాను.

మళ్లీ సోమ్ దగ్గరికే వెళ్దాం, ఎందుకంటే యుద్ధ చిత్రం కథ నిజంగా అక్కడే మొదలైంది. ఆ యుద్ధం ఇంకా సాగుతుండగానే, 1916 ఆగస్టులో, 'ద బాటిల్ ఆఫ్ ద సోమ్' అనే మూకీ డాక్యుమెంటరీ లండన్‌లో విడుదలైంది. జెఫ్రీ మాలిన్స్, జాన్ మెక్‌డవెల్ అనే ఇద్దరు కెమెరామెన్ తీశారు. విడుదలైన కొద్ది వారాల్లోనే లక్షల మంది చూశారు. తమ కొడుకో భర్తో అన్నో ఒక్క క్షణమైనా కనిపిస్తాడేమోనని వెతుక్కుంటూ చూశారు. ఆ చిత్రంలో అందరికీ గుర్తుండిపోయిన దృశ్యం ఒకటుంది. సైనికులు కందకంలోంచి పైకెక్కి ముందుకు వెళతారు, ఒకడు అక్కడే కందకం గట్టు మీద జారిపడి కదలకుండా ఉండిపోతాడు, ముళ్లకంచె దాటి వెళుతున్నవారిలో ఇంకో ఇద్దరు కూలిపోతారు. ఆ దృశ్యం నిజమైంది కాదు. వెనక ఉన్న శిక్షణ శిబిరం దగ్గర ప్రత్యేకంగా చేయించి తీసిందని తర్వాత పరిశోధకులు తేల్చారు.

మరి అందులో నిజంగా జరిగినదాన్ని తీసిన దృశ్యాలు ఏవి? గాయపడినవారివి. ఇరుకు కందకంలో ఒక సైనికుడు ఇంకొకణ్ణి వీపు మీద మోసుకుని నేరుగా కెమెరా వైపు వస్తాడు. మోసుకొచ్చిన ఆ మనిషి అరగంటలో చనిపోయాడని తెర మీద అక్షరాలు చెబుతాయి. తర్వాత స్ట్రెచర్లు, కట్లు, కుంటుకుంటూ నడిచే మనుషులు, వాళ్ల పక్కనే అలాగే గాయపడి నడుస్తున్న జర్మన్ ఖైదీలు. దీన్ని కొంచెం నిలబడి ఆలోచించండి. ఆ తొలినాటి యుద్ధ చిత్రంలోనే చావు నటన, గాయం నిజం. నటించిన చావు శుభ్రంగా ఉంది, మనం చూడదలచుకున్నట్టే ఉంది. నిజమైన గాయం నెమ్మదిగా ఉంది, బరువుగా ఉంది, ఇంకొక మనిషి వీపు మీద ఉంది. తర్వాత వందేళ్ల పాటు సినిమా ఎక్కువగా ఆ నటించిన దృశ్యాన్నే అనుకరిస్తూ వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, మన ప్రాంతానికి సంబంధించింది. ఆ సోమ్ యుద్ధంలోనే, 1916 జూలై 14న, హై వుడ్ అనే అడవి దగ్గర గుర్రాల మీద దాడి చేసిన దళాల్లో దక్కన్ హార్స్ ఒకటి. హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం నుంచి పుట్టిన రెజిమెంటు అది. మన ఊళ్ల పేర్లు పెట్టుకున్న దళాలు ఫ్రాన్సు గోధుమ చేలలో మెషిన్ గన్ల ముందుకు గుర్రాలు తోలాయన్న సంగతి మన పిల్లలకు ఎంతమందికి తెలుసు? దాని మీద ఎవరైనా సినిమా తీస్తే గుర్రాల పరుగు అద్భుతంగా తీస్తారని నాకు నమ్మకం ఉంది. పడిపోయిన గుర్రం కింద కాలు ఇరుక్కున్న జవాను దగ్గర ఆగుతారా అన్నదే నా ప్రశ్న.

ఇక 1930కి వద్దాం. లూయిస్ మైల్‌స్టోన్ దర్శకత్వంలో హాలీవుడ్‌లో వచ్చిన 'ఆల్ క్వయట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్'. మాటలొచ్చిన కొత్తలో తీసిన చిత్రం, జర్మన్ కుర్రాళ్ల కథ. మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో దాడి దృశ్యాల గురించి సినిమా విద్యార్థులకు పాఠాలు చెబుతారు. కెమెరా కందకం వెంబడి మెషిన్ గన్ తిరిగినట్టే తిరుగుతుంది, పరిగెత్తుకొచ్చే మనుషులు వరసగా కూలిపోతారు. ఆ దృశ్యం గొప్పదే. కానీ నాకు ఆ సినిమా గొప్పతనం దాని తర్వాత మొదలవుతుంది.

కథానాయకుడు పాల్ ఫిరంగి గుండు తవ్విన గుంటలో దాక్కుంటాడు. పై నుంచి ఒక ఫ్రెంచి సైనికుడు అందులోకి దూకుతాడు. పాల్ భయంతో కత్తితో పొడుస్తాడు. మామూలు సినిమాలో అయితే అక్కడితో సీను అయిపోతుంది. ఇక్కడ అప్పుడే మొదలవుతుంది, ఎందుకంటే ఆ ఫ్రెంచివాడు చనిపోడు. రాత్రంతా ఆ గుంటలోనే, పాల్ పక్కనే, మూలుగుతూ ఉంటాడు. పైన కాల్పులు జరుగుతున్నాయి కాబట్టి పాల్ బయటికి పోలేడు. పొడిచినవాడే నీళ్లు తాగించాలి, పొడిచినవాడే ఆ మూలుగు వినాలి. తెల్లవారేసరికి ఆ మనిషి చనిపోతాడు, పాల్ శవాన్ని పట్టుకుని క్షమించమని వేడుకుంటాడు, అతని జేబులో భార్యాబిడ్డల ఫోటో దొరుకుతుంది. కత్తిపోటు క్షణంలో ముగిసింది, దాని ఫలితం ఒక రాత్రంతా పట్టింది. ఆ నిష్పత్తే నిజం. మిత్రులారా, ఆ నిష్పత్తే నేను వాస్తవికత అంటున్నది.

అదే సినిమాలో ఆసుపత్రి సీను ఒకటుంది. కెమ్మెరిక్ అనే కుర్రాడు మంచం మీద పడుకుని కాలి వేళ్లు నొప్పిగా ఉన్నాయంటాడు. చూడడానికి వచ్చిన మిత్రుడు నోరు జారి, కాలే లేనప్పుడు వేళ్లు ఎలా నొప్పి పుడతాయంటాడు. తన కాలు తీసేశారని ఆ కుర్రాడికి తెలిసేది అప్పుడే. తీసేసిన కాలు నొప్పి పెట్టడం వైద్యులు ఎరిగిన విషయమే, కాళ్లు పోగొట్టుకున్నవారు ఏళ్ల తరబడి చెప్పే బాధే. 1930లో ఒక వ్యాపార చిత్రం దాన్ని తెర మీద పెట్టింది.

ఈ సినిమా బెర్లిన్‌లో ఆడినప్పుడు ఏమైందో తెలుసా? 1930 డిసెంబరులో గోబెల్స్ నాయకత్వంలో నాజీలు హాల్లోకి చొరబడి తెల్ల ఎలుకలు వదిలారు, దుర్గంధం వచ్చే గుళ్లు పగలగొట్టారు, ప్రేక్షకుల మీద దౌర్జన్యం చేశారు. వారం తిరక్కుండానే ప్రభుత్వం ఆ సినిమాను నిషేధించింది. ఆ సినిమాలో జర్మన్లను దుర్మార్గులుగా చూపలేదు, నిజానికి కథంతా వాళ్ల పక్షాన్నే నడుస్తుంది. అయినా భయపడ్డారు. తర్వాతి యుద్ధానికి కుర్రాళ్లను పిలవదలచినవాడికి, ముందటి యుద్ధంలో కాలు పోయిన కుర్రవాడు తెర మీద కనిపించడం ఇష్టముండదు. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. పాల్ పాత్ర వేసిన నటుడు ల్యూ అయర్స్ రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఆయుధం పట్టనన్నాడు. దేశమంతా దుమ్మెత్తిపోసింది. ఆయన వైద్య సహాయకుడిగా పసిఫిక్ యుద్ధరంగానికి వెళ్లి గాయపడినవారికి సేవ చేశాడు.

ఇదంతా పాశ్చాత్యుల సంగతే అనుకుంటున్నారేమో. మన భారతం చూడండి. కురుక్షేత్రంలో భీష్ముడు పదో రోజున పడ్డాడు. పడగానే కవి ఆయన్ను కథలోంచి పంపించేశాడా? అంపశయ్య మీద 58 రాత్రులు ఉంచాడు. యుద్ధం చేసేవాళ్లు సాయంత్రం ఆయుధాలు దించి ఆయన దగ్గరికి వెళ్లాలి, ఆ ఒంటి నిండా దిగబడిన బాణాలు చూడాలి. తొడలు విరిగిన దుర్యోధనుడు ఆ రాత్రంతా నేల మీదే ఉన్నాడు. ఆ తర్వాత స్త్రీపర్వం. తిక్కనగారి స్త్రీపర్వం తీసి చదవండి, గాంధారి ఆ నేల మీద ఒక్కొక్క శవం దగ్గర ఆగి, వీడు ఫలానావాడు, వీడి భార్య ఇదిగో అని కృష్ణుడికి చూపిస్తుంది. పద్దెనిమిది రోజుల యుద్ధానికి ఒక పర్వం మొత్తం ఏడుపు. మన వాళ్లకు ఈ నిష్పత్తి తెలుసు. మన సినిమాకు బాణాలు గుర్తున్నాయి, దివ్యాస్త్రాలు గుర్తున్నాయి, స్త్రీపర్వం గుర్తులేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో జాన్ హూస్టన్ అనే హాలీవుడ్ దర్శకుడు అమెరికా సైన్యంలో చేరి, సైన్యం కోసమే డాక్యుమెంటరీలు తీశాడు. అందులో ఒకటి ఇటలీలో శాన్ పియెట్రో అనే కొండ ఊరి కోసం 1943 డిసెంబరులో జరిగిన పోరాటం గురించింది. అందులో పోరాట దృశ్యాలు చాలావరకు యుద్ధం అయ్యాక మళ్లీ చేయించి తీసినవే. కానీ శవాలను సంచుల్లో చుట్టి పెట్టే దృశ్యాలు, శిథిలాల్లోంచి బయటికి వచ్చే ఊరి ముసలివాళ్లు, పిల్లలు, ఇవి నిజమైనవి. ఇది యుద్ధ వ్యతిరేక చిత్రమని సైన్యంలో కొందరు అభ్యంతరం చెప్పారు. సైన్యాధిపతి జనరల్ మార్షల్ మాత్రం, కొత్తగా చేరినవాళ్లు ఇది చూడాలి, ఎక్కడికి వెళుతున్నారో తెలియాలి అన్న అభిప్రాయంతో విడుదలకు ఒప్పుకున్నాడు. ఒక సైన్యాధిపతి ఇంత నిజాన్ని భరించగలిగాడు.

ఆ శాన్ పియెట్రో ఉన్నది మిన్యానో అనే కనుమ దగ్గర. అదే మిన్యానో దగ్గర, రెండు నెలల తర్వాత, 1944 ఫిబ్రవరి 24న, మద్రాసు శాపర్లు అనే సైనిక ఇంజనీర్ల దళంలోని సుబేదారు సుబ్రమణియన్ పేలబోతున్న మందుపాతర మీద తన శరీరాన్ని పరిచి తోటివాళ్లను కాపాడి చనిపోయాడు. ఆయనకు జార్జ్ క్రాస్ అనే బ్రిటిష్ సాహస పతకం ఇచ్చారు. ఆయన తమిళుడు. మద్రాసు శాపర్లలో మన తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు, పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పిలుచుకునే ఊరి పేరు విననివారు ఈ హాల్లో ఉండరు. నేను చెప్పేదేమిటంటే, ఆ ఇటలీ బురద మనకు పరాయిది కాదు. 2015లో క్రిష్ దర్శకత్వంలో వచ్చిన 'కంచె' తెలుగు సైనికులను ఆ ప్రపంచ యుద్ధంలో నిలబెట్టి చూపించింది, అందుకు ఆ బృందాన్ని అభినందించాలి. ఊళ్లో కులం వేసిన కంచెను, సరిహద్దుల కంచెను పక్కపక్కన పెట్టడం మంచి ఆలోచన. అయినా అందులో కూడా శత్రు సైనికులు పడగానే చనిపోయేవాళ్లే. ఆ ఒక్క విషయంలో మన తెర అలవాటు మారలేదు.

హూస్టన్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఆయన తీసిన ఇంకో చిత్రం నా వాదనకు మూలం. 'లెట్ దేర్ బి లైట్', 1946లో పూర్తయింది. న్యూయార్కు దగ్గర సైనిక ఆసుపత్రిలో చేరిన సైనికుల గురించి. వీళ్ల ఒంటి మీద గాయం కనిపించదు. ఒకడికి మాట ఆగిపోయింది, ఒకడు నడవలేడు, ఒకడికి తన పేరే గుర్తులేదు. డాక్టరు ప్రశ్న వేస్తే ఒక్కసారిగా ఏడుపు వచ్చి లేచి వెళ్లిపోయేవాడు ఒకడు. ఇక్కడ నటన లేదు, ఆ మనుషులే ఉన్నారు. ఇందులో నల్లజాతి సైనికులూ, తెల్లజాతి సైనికులూ ఒకే వార్డులో ఉంటారు. శాన్ పియెట్రోను భరించిన సైన్యం దీన్ని భరించలేకపోయింది. రోగుల ఏకాంతం కాపాడాలనే కారణం చెప్పి, 1980 చివరిదాకా, 30 ఏళ్లకు పైగా బయటికి రానివ్వలేదు. ఆ కారణంలో కొంత న్యాయం ఉందని నేను ఒప్పుకుంటాను. రోగి ముఖం చూపడం తేలిక విషయం కాదు. కానీ శవాన్ని చూపనిచ్చి, వణుకుతున్న చేతులను మాత్రం చూపనివ్వకపోవడంలో అసలు భయం ఏమిటో మనకు అర్థమవుతుంది. చనిపోయినవాణ్ణి వీరుడనవచ్చు, శిలావిగ్రహం పెట్టవచ్చు. మాట పోగొట్టుకుని ఇంటికి వచ్చినవాణ్ణి ఏమనాలో ఏ ప్రభుత్వానికీ తెలియదు.

ఇక అందరూ ఎదురుచూస్తున్న సినిమా గురించి. 1998, స్పీల్‌బర్గ్, 'సేవింగ్ ప్రైవేట్ రయన్'. నార్మండీ తీరంలో సైన్యం దిగే ఆ తొలి దృశ్యం ఇంచుమించు 24 నిమిషాలు. ఛాయాగ్రాహకుడు యానుష్ కమిన్‌స్కీ లెన్సుల మీద ఉండే పూత తీయించి, షట్టర్ కోణం తగ్గించి, ప్రతి మట్టిపెళ్ల గాల్లో విడివిడిగా కనిపించేలా తీశాడు. ఐర్లండు తీరంలో తీశారు. అవయవాలు పోగొట్టుకున్న మనుషులనే కొందరిని ఎక్స్‌ట్రాలుగా తీసుకుని, కృత్రిమ అవయవాలు తగిలించి, అవి ఊడిపోయేలా చేశారు. అది చూసిన మాజీ సైనికులు కొందరు కలతపడితే మాట్లాడుకోవడానికి అమెరికాలో మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఫోన్ సదుపాయం పెట్టాల్సి వచ్చింది.

అందులో నాకు ముఖ్యమైన దృశ్యం ఆ తీరంలోది కాదు. దళంలో వేడ్ అనే వైద్య సహాయకుడు ఉంటాడు. అప్పటిదాకా అందరి గాయాలూ అతనే చూశాడు. ఇప్పుడు అతనికే పొట్టలో తూటాలు తగిలాయి. చుట్టూ ఉన్నవాళ్లకు వైద్యం రాదు, ఏం చెయ్యాలో చెప్పమని అతన్నే అడుగుతారు. అతను తన గాయాన్ని తన చేత్తో తడిమి, కాలేయానికి తగిలిందని తెలుసుకుంటాడు. ఆ తర్వాత నొప్పి తెలియనివ్వని, ఎక్కువైతే ప్రాణం తీసే మార్ఫిన్ మందును ఎక్కువ ఇమ్మంటాడు. ఇచ్చేవాళ్లకూ తెలుసు, అడిగేవాడికీ తెలుసు. చివరికి అమ్మా అని ఏడుస్తూ చనిపోతాడు. దగ్గరివాళ్లు చూస్తూ ఉండగా, చెయ్యగలిగింది ఏమీ లేకుండా. ముందు వరుసలో మాజీ సైనికులు కొందరు కూర్చుని ఉన్నారు. వాళ్లకు ఇది నేను వివరించనక్కర్లేదు.

ఇంత చెప్పాక అదే సినిమా మీద నా అభ్యంతరం కూడా చెప్పాలి. చివరి గంటలో వంతెన దగ్గర జరిగే పోరాటం చూడండి. అక్కడ మన కొలత పెట్టండి. అమెరికన్ సైనికుడు పడితే కెమెరా ఆగుతుంది, అతని ముఖం చూస్తుంది, అతని చివరి మాట వింటుంది. జర్మన్ సైనికుడు పడితే పడ్డట్టే, వెంటనే ఇంకొకడు వస్తాడు. మనవాడి గాయానికి సమయం ఉంది, ఎదుటివాడి గాయానికి లేదు. 1930లో ఫ్రెంచివాడికి ఒక రాత్రంతా ఇచ్చిన సినిమా, 1998 నాటికి ఇంత సాంకేతిక శక్తి వచ్చాక, ఎదుటివాడికి ఒక నిమిషం ఇవ్వలేకపోయింది. ఇంకొక విషయం కూడా గమనించండి. ఆ ఊగే కెమెరా, ఆ పేలుడు తర్వాత చెవుల్లో గింగురుమనే శబ్దం, తర్వాతి ఇరవయ్యేళ్లలో ప్రతి యాక్షన్ చిత్రంలోకీ, వీడియో గేముల్లోకీ వచ్చేశాయి. బాధను చూపడానికి పుట్టిన పద్ధతి ఉత్సాహానికి వాడుకునే పద్ధతి అయిపోయింది. యుద్ధాన్ని ఎలా చూపినా ప్రేక్షకుడికి హుషారే పుడుతుందని కొందరు వాదిస్తారు కదా, ఆ వాదన పోరాట దృశ్యాల వరకు నిజమేనని నేను అంగీకరిస్తాను. పోరాటం ఎంత భీకరంగా తీసినా అందులో కదలిక ఉంటుంది, కదలిక మనల్ని లాగుతుంది. గాయపడ్డవాడి దగ్గర కదలిక లేదు. అందుకే అక్కడ ఆగిన సినిమాను చూసి యుద్ధానికి పోవాలని ఎవరికీ అనిపించదు.

ఎలెమ్ క్లిమోవ్ తీసిన సోవియట్ చిత్రం 'కమ్ అండ్ సీ' గురించి, 1985 నాటిది, ఒక్క రెండు మాటలు. బెలారూస్‌లో నాజీలు ఊళ్లకు ఊళ్లు మనుషులతో సహా తగలబెట్టిన కాలం. అలా కాలిపోయిన ఊళ్లు 628 అని సినిమా చివర చెబుతుంది. అందులో పోరాటం దాదాపు కనిపించదు. ఒక కుర్రాడి ముఖం కనిపిస్తుంది, సినిమా సాగేకొద్దీ ఆ ముఖం ముడతలు పడి ముసలిదైపోతుంది. ఆ ముఖమే గాయం, రెండు గంటల పైచిలుకు మనం దాని దగ్గరే ఉంటాం. నేను చూసిన యుద్ధ చిత్రాల్లో ఇంతకు మించిన సత్యం లేదు. కానీ దాని చిత్రీకరణలో నిజమైన తూటాలు వాడారని ఆ బృందంలోనివారే తర్వాత చెప్పారు. పద్నాలుగేళ్ల నటుడు ఉన్న సెట్టులో అది. దాన్ని నేను మెచ్చుకోలేను. మనిషి బాధ చూపడం కోసం ఒక పిల్లవాణ్ణి ప్రమాదంలో పెట్టడానికి ఏ కళకూ హక్కు లేదు. గొప్ప సినిమా అని చెబుతూనే ఈ మాట కూడా గట్టిగా చెప్పాలి.

ఈ హాల్లో సినిమాలు తీయాలనుకునే యువకులు ఉన్నారు, మీతో ఒక మాట. పుణేలో 1944 నుంచి సైన్యం నడుపుతున్న కృత్రిమ అవయవ కేంద్రం ఉంది. పక్కనే ఖడ్కీలో వెన్నెముక దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడిన సైనికుల పునరావాస కేంద్రం ఉంది. నేను మొదట చెప్పిన 1,363 మంది కార్గిల్ క్షతగాత్రుల్లో చాలామంది ఇంకా మన మధ్య బతికే ఉన్నారు. వాళ్ల భార్యలు ఉన్నారు, తల్లులు ఉన్నారు, నాన్న నడవగలిగిన రోజులు చూడని పిల్లలు ఉన్నారు. టాంకులకు, హెలికాప్టర్లకు బడ్జెట్ లేదని మన నిర్మాతలు అంటారు. ఈ కథలకు టాంకులు అక్కర్లేదు. ఒక ఇల్లు, ఒక మంచం, మెట్లు దిగలేని ఒక మనిషి ఉంటే చాలు. వాళ్లను జాలిగా చూపవద్దు, అలాగని పతకం గెలిస్తేనే విలువ ఉన్నట్టూ చూపవద్దు. పొద్దున్న లేచి చొక్కా తొడుక్కోవడానికి వాళ్లకు ఎంతసేపు పడుతుందో అంతసేపు చూపండి.

అది సాధ్యమేనని చెప్పడానికే ఈ రాత్రి సినిమాను ఎంచుకున్నాం. 'ద బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్', 1946, దర్శకుడు విలియం వైలర్. యుద్ధం ముగిసి ముగ్గురు ఇంటికి వచ్చిన కథ. అందులో హోమర్ అనే నావికుడి పాత్ర వేసిన హెరాల్డ్ రస్సెల్ వృత్తి నటుడు కాదు, సైనికుడు. 1944 జూన్ 6న, నార్మండీ తీరంలో సైన్యం దిగిన ఆ రోజునే, అమెరికాలోనే ఒక శిక్షణ శిబిరంలో పేలుడు పదార్థం చేతిలో పేలి రెండు చేతులూ పోగొట్టుకున్నాడు. తెర మీద మీరు చూసే ఆ ఇనప కొక్కేలు ఆయన నిజంగా వాడుకునేవే. వైలర్ కూడా యుద్ధంలో విమానాల్లో తిరిగి డాక్యుమెంటరీలు తీస్తూ వినికిడి చాలావరకు పోగొట్టుకుని వచ్చినవాడే. తీసినవాడికీ, నటించినవాడికీ గాయం ఏమిటో తెలుసు. సినిమాలో ఒక్క యుద్ధ దృశ్యం లేదు.

ఒక సీను మాత్రం ప్రత్యేకంగా చూడమని కోరుతున్నాను. హోమర్ తనను ప్రేమించిన విల్మాను తన గదికి తీసుకువెళ్లి, రాత్రి పడుకునే ముందు తాను ఏం చేయాలో చూపిస్తాడు. ఆ కొక్కేల పట్టీలు ఎలా విప్పాలో, విప్పాక తాను ఎంత నిస్సహాయుడో, ఆ తర్వాత గది తలుపు మూసుకుపోతే తెరవమని అరవడం తప్ప తాను ఏమీ చేయలేనని చెబుతాడు. దర్శకుడు ఎక్కడా తొందరపడడు. మీరు వాచీ చూసుకుని మరీ గమనించండి, ఆ పట్టీలు విప్పడానికి, పైజామా చొక్కా గుండీలు విల్మా పెట్టడానికి ఎంత సమయం ఇచ్చాడో.

సినిమా నిడివి దాదాపు మూడు గంటలు. మధ్యలో పది నిమిషాల విరామం ఇస్తారు. అయిపోయాక చర్చ ఉంటుంది, ముందుగా ఇక్కడ కూర్చున్న మాజీ సైనికులు మాట్లాడతారు, ఆ తర్వాతే మనం. ఓపికగా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు.